గుట్టెక్కిన ఇల్లు

రౌకెన్ దీవి,
మే 2

యాస్నా తల్లికి,

అమ్మమ్మ ఎర్మిండా రాస్తున్నది. నేను బాగానే ఉన్నానని మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను, లేకపోతే చివరిదాకా కంగారుపడుతూ చదువుతావు. మన ఇంట్లో కంగారుపడటానికి నేనొక్కదాన్ని చాలు.

పడవ లిందోర్ చేత దుంపల మూట పంపుతున్నాను. ఎర్రవి ముందు తిను, అవి ఆగవు. ఊదావి వానాకాలమంతా ఉంటాయి. ఉన్ని మేజోళ్ళు రెండు జతలున్నాయి. కుర్చీలో కదలకుండా కూర్చునే ఉద్యోగం కదా, పాదాల నుంచే చలి ఎక్కుతుంది.

బడి ఉన్న చోటు ఇంకా నల్లగానే ఉంది. పొయ్యి గొట్టంలో నిప్పు అంటుకున్నది పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక కాబట్టి సరిపోయింది. అరగంట ముందైతే అని తలుచుకుంటే ఇప్పటికీ చేతిలో పని జారిపోతుంది. పెద్ద పంతులు మూట సర్దుకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఈ ఏడుగురు పిల్లలకీ నువ్వే పంతులమ్మవి. అదీ సముద్రానికి అవతల, దల్కావేలో కూర్చుని. ఈ ఉద్యోగం నీకొచ్చిందని తెలిసిన రోజు సంతోషంతో ఏడ్చాను, కాసేపయ్యాక భయంతో ఏడ్చాను.

ఇంతకీ ఆ కంప్యూటర్ తెర చూసి చూసి కళ్ళు పోవు కదా? గదిలో ఒక్కదానివే పొద్దస్తమానం మాట్లాడుతుంటే గోడవతల వాళ్ళు ఏమనుకుంటున్నారు? పిల్లలు వింటున్నారా? మా పంతులు ఎదురుగా బెత్తం పట్టుకుని నిలబడితేనే మేం వినేవాళ్ళం కాదు. నేను రెండో తరగతితో ఆపేశాను, ఆ తర్వాత గొర్రెలు కాశాను. అవి వినేవి.

గుట్టెక్కి ఫోన్ చెయ్యమని రాశావు. జెండా గుట్ట మీద తప్ప ఈ దీవిలో సిగ్నల్ లేదు, ఆ గాలిలో నిలబడి అరవడం నా వల్ల కాదు. పైగా ఫోన్‌లో చెప్పింది మళ్ళీ చదువుకోలేను. నువ్వు ఉత్తరమే రాయి, లిందోర్ మంగళవారం, శుక్రవారం వస్తూనే ఉంటాడు.

మెడకి శాలువా కట్టుకో.

అమ్మమ్మ


దల్కావే,
మే 9

అమ్మమ్మా,

ఎర్ర దుంపలు అయిపోయాయి. మేజోళ్ళు కాళ్ళకే ఉన్నాయి. కళ్ళు మొహానే ఉన్నాయి.

పాఠాల సంగతి నీకొక్కదానికే రాస్తున్నాను, నీ దగ్గరే ఉంచు. పిల్లలు వింటున్నారో లేదో నాకే తెలియడం లేదు. తెరమీద ఏడు గళ్ళుంటాయి. రెండింట్లో ముఖాలు కనిపించి ఆగిపోతాయి, నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉంటారు. మిగతావి నల్లగా ఉంటాయి. "అర్థమైందా?" అంటే గాలి హోరు వినిపిస్తుంది. తరగతి గదిలో అయితే ఒక్క చూపుతో తెలిసేది, ఎవరికి లెక్క రాలేదో, ఎవరు అన్నం తినలేదో. ఇక్కడ నా ముఖమే నాకు కనిపిస్తోంది.

అందరికంటే నోల్ఫా గారి అనయీస్ సంగతి దిగులుగా ఉంది. పదేళ్ళ పిల్ల. ఒక్కరోజూ ముఖం చూపించలేదు, పిలిస్తే పలకదు. ముఖం లేక, మాట లేకపోతే గైర్హాజరు వెయ్యాలని ఆఫీసు నియమం. వేస్తున్నాను.

ఇంకో మాట. జూన్ నెలాఖరున ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుని పాఠం చూస్తుంది. ఏడుగురూ చదువుతున్నారని తేలితే దీవిలో కొత్త బడి కడతారు. ఏడుగురికి ఒక్కరు తగ్గినా బడి ఎత్తేసి అందర్నీ పట్నం హాస్టల్‌కి మారుస్తారు. ఎవరికీ చెప్పకు అమ్మమ్మా, ముందే భయపడతారు.

నీ యాస్నా


రౌకెన్ దీవి,
మే 16

యాస్నా తల్లికి,

చెప్పేశాను. తిట్టేది తర్వాత తిట్టు, ముందు చదువు.

హాస్టల్ అన్న మాట చదివాక నాకు కాలు నిలవలేదు. మీ అమ్మని ఎనిమిదేళ్ళకి హాస్టల్లో వేశాం, అప్పుడు ఇక్కడ బడి లేదు. నెల తర్వాత సెలవుకి వచ్చి, పడవ దిగి, నన్ను "మీరు ఎలా ఉన్నారు" అంది. కన్నతల్లిని! ఈ రోజుకీ పుంటా అరేనాస్ నుంచి "మీరు" అనే రాస్తుంది. అలాంటి ఏడుగురు పిల్లలు ఒక్క పడవలో వెళ్ళిపోతారేమోనని దుంపల గిన్నె పొయ్యి మీదే వదిలేసి నోల్ఫా ఇంటికి పోయాను.

"నోల్ఫా, నీ కూతురు మా పిల్లకి ముఖం చూపించట్లేదట, పిలిస్తే పలకట్లేదట," అన్నాను.

"మీ పిల్లకా, పంతులమ్మకా?"

"ఇద్దరూ ఒకటేగా!"

"ఒకటి కాదు పిన్నీ. పంతులమ్మ అయితే నన్నడుగుతుంది. మనవరాలు అయితే మీకు చెప్పుకుంటుంది. పడవలో చాడీలు పంపే చదువు మాకొద్దు. రేపు వచ్చే నెల మా అనయీస్‌ని నేనే పట్నం హాస్టల్లో వేస్తాను, అక్కడ పంతులమ్మకి కళ్ళుంటాయి."

తలుపు వేసేసింది. చూశావా, ఏడుగుర్ని ఆరుగురు చేసింది నీ అమ్మమ్మే.

మర్నాడు పొద్దున్నే శాలువా కప్పుకుని గుట్టెక్కాను. నేను ఆ గుట్టెక్కి పదేళ్ళయింది. వాన అడ్డంగా కొడుతోంది. మీ తాతయ్య పడవ తెరచాప పాతది ఉందే, దాన్ని నాలుగు కర్రలకి కట్టి ఆరుగురు పిల్లలు దాని కింద కూర్చున్నారు. అనయీస్ మాత్రం కొసన, రాయి మీద నిలబడి ఉంది. వాళ్ళ నాన్న వానకోటు వేసుకుంది, మడమల దాకా వేలాడుతోంది. ట్యాబ్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి చెయ్యి పైకెత్తి పట్టుకుంది. నీ గొంతు చీమంత వినిపిస్తోంది. ఆ పిల్ల చెవి దగ్గర పెట్టుకుని విని, వెనక్కి తిరిగి కేక పెడుతోంది.

"పన్నెండో పేజీ! మూడో లెక్క! ఒరేయ్, భిన్నాలు కాదు, మామూలు కూడికలే!"

మిగతావాళ్ళ ట్యాబుల్లో నాలుగు మాటల్లో ఒకటే పడుతుందట. ఆ రాయి మీద నిలబడితేనే సరిగ్గా వినిపిస్తుందట. ముఖం చూపించే బొత్తాం నొక్కితే నీ గొంతు పోతుందట, అందుకని నొక్కదట. నువ్వు పిలిచినప్పుడు పలుకుతూనే ఉంది తల్లీ, గాలి మింగేస్తోంది.

నువ్వు గైర్హాజరు వేసిన పిల్లే మిగతా ఆరుగురికీ నీ పాఠం చెబుతోంది.

కిందికి దిగేటప్పుడు రెండుసార్లు జారాను. దెబ్బలేం తగల్లేదు. మోకాలు కొంచెం, అది రాయకూడదనుకున్నాను.

అమ్మమ్మ


దల్కావే,
మే 23

అమ్మమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, తల దించుకుని కూర్చున్నాను. తిట్టడానికి నాకు నోరెక్కడుంది.

దీంతో పాటు నోల్ఫా గారికి వేరే ఉత్తరం పెట్టాను, క్షమించమని. అతికించే ఉంది, నువ్వు విప్పకు. అనయీస్‌కి వేసిన గైర్హాజర్లన్నీ కొట్టేసి పక్కన కారణం రాశాను. ఆఫీసువాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు.

పద్ధతి మార్చాను. ఇకనుంచి పాఠం ఇరవై నిమిషాలే. మిగతాది కాగితాల మీద రాసి లిందోర్ చేత శుక్రవారం శుక్రవారం కట్ట పంపిస్తాను, పిల్లలు ఇంట్లో చేసి మంగళవారం తిప్పి పంపాలి. చిన్నవాళ్ళకి అక్షరాలు నా గొంతుతోనే రికార్డు చేసి పంపుతున్నాను, గుట్ట మీద ఒకసారి దించుకుంటే ఇంటి దగ్గర ఎన్నిసార్లైనా వినొచ్చు. ఇవన్నీ మొదటి రోజే ఆలోచించాల్సింది. నేను నా గదిలోంచే దీవిని చూశాను, దీవిలో పుట్టి కూడా.

కానీ ఆఫీసావిడ వచ్చిన రోజు ఏడు ముఖాలు తెరమీద కనిపించాల్సిందే. వానలో, తెరచాప కింద అది ఎలా కుదురుతుందో తెలియదు. నీ ఇల్లు ఆ గుట్ట మీద ఉండుంటే ఎంత బాగుండేది అమ్మమ్మా! నీ పొయ్యి, నీ పెద్ద బల్ల, వేడి పాలు. పిల్లలకి ఇంకేం కావాలి?

మోకాలికి పసరు కట్టు. గుట్టెక్కకు.

నీ యాస్నా


రౌకెన్ దీవి,
మే 30

యాస్నా తల్లికి,

నువ్వు అడిగింది చదివి రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు సరేననుకున్నాను.

భయం లేదని రాయను. నలభై ఏళ్ళుగా నేను ఈ పల్లంలో ఉన్నది గాలికి భయపడే. మీ తాతయ్య గుట్ట మీద కడదామంటే నేనే ఏడ్చి కిందికి దింపించాను. కానీ నువ్వు పుట్టి ఇన్నేళ్ళలో నన్ను ఏదీ అడగలేదు. మొదటిసారి ఇల్లు అడిగావు. కాదని ఎలా అంటాను?

బెలార్మినో దగ్గరికి వెళ్ళాను. మన కర్ర ఇళ్ళని ఎద్దులతో లాగించాలంటే ఆయన దగ్గరే మొదలెట్టాలి కదా.

"ఇల్లు జరపాలి బావా," అన్నాను.

"ఎటు? సముద్రంలోకా?"

"జెండా గుట్ట మీదికి."

టోపీ తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "తుమ్మితే తలుపేసుకునే మనిషివి. గుట్ట మీదికా? జ్వరం గానీ తగిలిందా?"

"పిల్లలు తడుస్తున్నారు."

"పిల్లలు తడిస్తే ఆరతారు. ఇల్లు విరిగితే అతకదమ్మా."

"అయితే కాదంటావా?"

"కాదని ఎవడన్నాడు? ఊరంతా కలిసి చేసే మింగాకి వచ్చి చెయ్యి వెయ్యమంటే కాదనే మొగాడు ఈ దీవిలో పుట్టలేదు. నాలుగు జతల ఎద్దులు కావాలి. నాది ఒక జత. మిగతావి నువ్వే గడపగడపకీ వెళ్ళి అడుక్కో, అది ఇంటివాళ్ళు చెయ్యాల్సిన పని. ఆపిల్ రసం మాత్రం నీళ్ళు కలపకుండా పొయ్యాలి, పోయినసారి మీ ఆయన కలిపాడు."

పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. అందరూ సరేనన్నారు. ఆఖరున నోల్ఫా గడప. దుంప రొట్టెలు వేడివేడిగా పట్టుకెళ్ళాను.

"ఎద్దులు అడగడానికొచ్చారా పిన్నీ, క్షమాపణ అడగడానికొచ్చారా?"

"రెండూ."

"ఎద్దులు తీసుకెళ్ళండి. రెండోది ఇల్లు గుట్టెక్కాక చూద్దాం."

రొట్టెలు మాత్రం తీసుకుంది. వచ్చే నెల పదో తారీకు శనివారం ఖాయం చేశాం.

ఇల్లు మధ్యలో విరిగితే ఏం చేస్తాం? ఎద్దు కాలు విరిగితే? నేను రాసుకున్న భయాల వరసలో ఇవి మొదటి రెండే, మొత్తం పంతొమ్మిది ఉన్నాయి.

అమ్మమ్మ


దల్కావే,
జూన్ 2

అమ్మమ్మా,

ఆపు! నేను ఇల్లు అడగలేదు! ఊరికే నిట్టూర్చాను, అంతే. డెబ్బై ఆరేళ్ళ మనిషివి, నడివానాకాలంలో ఇల్లు పెకలించుకుని గుట్టెక్కడమేమిటి? అక్కడి గాలికి నీకు కునుకు పట్టదు. నీకేమన్నా అయితే నేను ఏ ముఖంతో పాఠం చెప్పను?

లిందోర్‌కి అర్జంటు అని చెప్పి ఇస్తున్నాను. సోమవారం పాఠంలో అనయీస్‌తోనూ చెప్పి పంపుతాను. బెలార్మినో తాతకి నా మాటగా చెప్పు, వద్దని.

యాస్నా


రౌకెన్ దీవి,
జూన్ 13

యాస్నా తల్లికి,

నీ అర్జంటు ఉత్తరం ఈ రోజే అందింది. సముద్రం బాగా లేదని ఎనిమిది రోజులు రేవు మూసేశారు. లిందోర్ దాన్ని నా చేతిలో పెట్టేసరికి నేను గుట్ట మీద ఉన్నాను, ఇల్లూ గుట్ట మీదే ఉంది.

అనయీస్‌ని అడిగాను, పంతులమ్మ ఏమన్నా చెప్పిందా అని. "ఏదో ఇల్లు గురించి అన్నారమ్మమ్మా. గాలిలో సరిగ్గా వినపడలేదు," అంది. ఆ పిల్ల కళ్ళు చూస్తే బాగానే వినపడినట్టుంది. నేను రెట్టించి అడగలేదు.

శనివారం తెల్లవారగానే వచ్చారంతా. కిటికీలు ఊడదీసి గడ్డిలో పడుకోబెట్టారు. పొయ్యిని నలుగురు మోశారు, అది వేడిగా లేకపోయినా నేను "కాలుతుంది జాగ్రత్త" అంటూనే ఉన్నాను. ఇంటి కింద రెండు పెద్ద దూలాలు దూర్చి గొలుసులు కట్టారు. "ఎర్రోడా! చుక్కోడా! లాగండ్రా, మీ అమ్మ కడుపు చల్లగుండ!" అని బెలార్మినో అరిచాడు. ఇల్లు ఒక్కసారి మూలిగి, కదిలింది. నేను పింగాణీ కప్పుల బుట్ట పట్టుకుని వెనక నడిచాను. నా ఇల్లు నాకంటే ముందు నడుస్తుంటే చూడటం ఎలా ఉందో చెప్పలేను. సగం దారిలో ఒక దూలం పగిలి ఇల్లు ఒరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నోల్ఫా తన భుజం గోడకి ఆనించి నిలబడి ఉంది, మొగాళ్ళతో సమానంగా. ఇల్లు ఎన్ని అడుగులు నడిచిందో పిల్లలు లెక్కపెట్టారు, ఏది చూసినా లెక్కపెట్టమని నువ్వు చెప్పావట. నాలుగు వందల పన్నెండు.

గొయ్యి తవ్వి రాళ్ళు కాల్చి కురాంతో వండాం, ఆల్చిప్పలు, పందిమాంసం, దుంపలు అన్నీ పేర్చి. ఆపిల్ రసంలో నీళ్ళు కలపలేదు. ఇంటిని ఎటు తిప్పి పెట్టాలని బెలార్మినో అడిగితే, ఎప్పటిలాగే ఉత్తరపు గాలికి వీపు పెట్టించాను. మతి ఉన్నవాళ్ళెవరైనా అలాగే పెడతారు కదా.

ఇక ఇప్పుడు అసలు సంగతి.

సోమవారం ఏడుగురూ వచ్చారు. పొయ్యి వెలిగించాను, పాలు కాచాను, బల్ల తుడిచాను. ట్యాబులు తెరిచారు. ఏమీ లేదు. నీ గొంతూ లేదు, ముఖమూ లేదు. బయటికి వెళ్తే వస్తోంది, లోపలికొస్తే పోతోంది. ఇంత చేసి, ఇంతమందిని తిప్పలు పెట్టి, పిల్లలు మళ్ళీ వానలోకి వెళ్ళి నిలబడ్డారు. నా కిటికీలోంచి వాళ్ళ వీపులు చూస్తూ కూర్చున్నాను.

"ఇంటికి ఇష్టం లేనట్టుంది," అన్నాడు బెలార్మినో.

నెలాఖరు ఎంతో దూరం లేదు. ఏం చెయ్యమంటావు తల్లీ?

అమ్మమ్మ


దల్కావే,
జూన్ 16

అమ్మమ్మా,

ముందు నువ్వు క్షేమంగా ఉన్నావు. అది చదివాకే ఊపిరి పీల్చుకున్నాను. కోపం తర్వాత పడతాను, ఇప్పుడు తీరిక లేదు.

తప్పు నీది కాదు. రేకులోంచి సిగ్నల్ రాదు. మన ఇంటి కప్పూ రేకే, గోడలూ రేకే. కిటికీ అద్దంలోంచి మాత్రం వస్తుంది. టవర్ ఉన్నది ఉత్తరాన, మా ఊరి వెనక కొండ మీద. నీ ఇంటికి ఉత్తరాన ఒక్క కిటికీ అయినా లేదు, మొత్తం రేకు గోడే. ఇల్లు టవర్‌కి వీపు పెట్టి కూర్చుంది.

ఉత్తరపు గోడకి రెండు రేకులు ఊడదీయించి, ఆ చోట మందపాటి ప్లాస్టిక్ కొట్టించు. అంత చాలు. నిన్ను బతిమాలుతున్నాను అమ్మమ్మా, ఇంకేమీ జరపొద్దు. ఇంకేమీ.

ఆఫీసావిడ ముప్పయ్యో తారీకు వస్తోంది.

నీ యాస్నా


రౌకెన్ దీవి,
జూన్ 27

యాస్నా తల్లికి,

ఇల్లు తిప్పేశాం.

నేను నీ ఉత్తరంలో ఉన్నదున్నట్టే బెలార్మినోకి చదివి వినిపించాను, ఒట్టు. ఆయన గోడ చుట్టూ తిరిగి, మీ తాతయ్య కొట్టిన మేకుల్ని వేలితో తడిమాడు.

"రేకు తీస్తే ఉత్తరపు వాన లోపలికి దిగుతుంది. రెండేళ్ళలో కర్ర కుళ్ళిపోతుంది," అన్నాడు. "ఇంటిని తిప్పితే కిటికీలు తడుస్తాయి, అంతే. అద్దం కుళ్ళదు."

"యాస్నా ఇంకేమీ జరపొద్దంది బావా."

"జరపం. ఉన్నచోటే తిప్పుతాం. అది వేరు."

దీనికి జవాబు నీ దగ్గరుంటే రాయి, చదివి వినిపిస్తాను.

అనయీస్ ట్యాబ్ పట్టుకుని ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగి ఎక్కడ ఎన్ని సిగ్నల్ గీతలు పడుతున్నాయో బొగ్గుతో గోడ మీద రాసింది. కిటికీలు ఎటు చూడాలో ఆ పిల్లే వేలు పెట్టి చూపించింది. సాన్ హువాన్ పండుగ రోజు పని చెయ్యకూడదు గనక ముందు రోజు పొద్దున్న నాలుగు జతలూ మళ్ళీ వచ్చాయి. రెండుసార్లు అడిగితే జనం విసుక్కుంటారని భయపడ్డాను. పోయినసారి కంటే ఎక్కువమంది వచ్చారు. లిందోర్ అయితే పడవ రేవులో కట్టేసి వచ్చాడు. మధ్యాహ్నానికి ఇల్లు వెనక్కి తిరిగి నిలబడింది. ఎద్దులు కూడా ఇదేం పనిరా అన్నట్టు చూశాయి.

నిన్న పాఠానికి పిల్లలు లోపలే కూర్చున్నారు. నీ ముఖం ఏడు ట్యాబుల్లో ఒకేసారి వచ్చింది. నువ్వు చిక్కిపోయావు. అది అందరి ముందూ అనకూడదని నోరు మూసుకున్నాను.

సాయంత్రం నోల్ఫా వచ్చి, అడక్కుండానే కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కడం మొదలుపెట్టింది. నేను కూడా ఒక కొసన కూర్చుని కుక్కాను. ఆఖరి సందు కుక్కుతూ అడిగాను.

"హాస్టల్ సంగతి ఏం చేశావమ్మా?"

"ఏ హాస్టల్ పిన్నీ?" అంది.

ముప్పయ్యో తారీకు గాలి లేకుండా ఉండాలని మొక్కుకున్నాను. వాన పరవాలేదు.

అమ్మమ్మ


దల్కావే,
జులై 4

అమ్మమ్మా,

ఇప్పటికే పిల్లలు చెప్పేసి ఉంటారు, అయినా నేను రాస్తాను.

ఆవిడ తొమ్మిదింటికి వచ్చింది. నా పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, కలం తీసింది. నేను పేర్లు పిలవడం మొదలుపెట్టాను. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ముఖం. పొయ్యి వేడికి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆఖరున ఇంటిపేరుతో సహా "అనయీస్ రైమాపు" అన్నాను. "వచ్చాను టీచర్," అంది. ఆ పిల్లకి ముందు పన్ను లేదని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు నెలలుగా చదువు చెబుతున్నాను! తర్వాతి మాట రావడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆవిడ నెట్‌వర్క్ అనుకుంది.

పాఠం మన ఇంటి మీదే పెట్టాను. నాలుగు వందల పన్నెండు అడుగులు, నాలుగు జతల ఎద్దులు, ఇల్లు ఎంత తిరిగితే వెనక్కి తిరిగినట్టు. అందరూ ఒకేసారి అరిచారు. ఎవరి గొంతు ఎవరిదో విడదీయలేకపోయాను. అమ్మమ్మా, ఆ గోల ఎంత బాగుందో!

మధ్యలో ఆవిడ అడిగింది, "వెనకాల పాలగిన్నె పట్టుకుని ఇటూ అటూ నడుస్తున్నావిడ ఎవరు?" అని. పదకొండుసార్లు నడిచావు, నేను లెక్కపెట్టాను. గిన్నె ఖాళీదే, అదీ కనిపించింది. "ఆ ఇల్లు ఆవిడదే," అన్నాను. ఇల్లు గుట్టెక్కిన సంగతంతా చెప్పాను. ఆవిడ కలం మూసి తెరవైపు తిరిగింది. "మా అమ్మది కూడా దీవే," అంది.

ఏడుగురు హాజరు అని రాసుకుంది. అనయీస్ పాత గైర్హాజర్లు కొట్టేసిన చోట సంతకం పెట్టింది. నిన్న ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఎండాకాలంలో బడి కట్టడం మొదలుపెడతారు. అప్పటిదాకా పాఠాలు నీ ఇంట్లోనే.

ఇంకా కాగితాల కట్ట పంపుతూనే ఉంటాను. ముఖాలు కనిపించినా చేతిరాత చూడందే నాకు తృప్తిగా ఉండదు.

ఒక్కటే దిగులు. నీకు ఆ గాలి పడదు. బడి కట్టాక ఇంటిని మళ్ళీ పల్లంలోకి దింపిద్దాం. ఆ మింగా నేనే గడపగడపకీ వచ్చి అడుగుతాను.

నీ యాస్నా


రౌకెన్ దీవి,
జులై 11

యాస్నా తల్లికి,

బడి కడతారని బెలార్మినోకి చెప్పాను. "అయితే ఆ బడి కిటికీలు ఎటు పెడతారో ముందే అడిగి రాయించు, నా ఎద్దులకి వయసైపోతోంది," అన్నాడు.

పదకొండుసార్లు కాదు, తొమ్మిదే. రెండుసార్లు నిజంగానే పని ఉండి వెళ్ళాను.

ఇప్పుడు సిగ్నల్ ఉంది కదా, ఇంకా ఉత్తరాలెందుకని నోల్ఫా అడిగింది. నీతో నేను చెప్పుకునేవి పిల్లల ముందు చెప్పేవి కావు. పైగా తెరలో కనిపించేటప్పుడు నువ్వు పంతులమ్మవి. పిల్లలతో పాటు నేనూ "మీరు" అనాలేమో అనిపిస్తుంది. ఉత్తరంలో నువ్వు నా యాస్నావే.

రెండో తరగతి పిల్లకి నువ్వు చెప్పే గుణకారం నాకూ కొంచెం కొంచెం తెలుస్తోంది. ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయాను. ఆ రికార్డు చేసి పంపేవి ఉన్నాయి కదా, పిల్లల కోసం అని చెప్పి ఒకటి పంపు.

ఇల్లు దింపే సంగతి. వద్దు తల్లీ.

గాలి ఉంది, లేదనను. వాన కిటికీలకే నేరుగా కొడుతుంది, ఒక్కోసారి అద్దం పగిలిందనుకుని లేచి చూస్తాను. కిటికీ కింద గుడ్డలు రోజుకి రెండుసార్లు పిండుతున్నాను. కానీ నలభై ఏళ్ళు నేను ఈ దీవికి దక్షిణం వైపే చూస్తూ బతికాను, నా గొర్రెలు, నా కంచె, అంతే. ఇప్పుడు పొద్దున్నే నీళ్ళు పొయ్యి మీద పెట్టి తల ఎత్తితే ఎదురుగా సముద్రం, దానవతల దల్కావే. చర్చి శిఖరం కనిపిస్తుంది. నీ కిటికీ ఏదో తెలియదు గానీ, పొగ వచ్చే ఇళ్ళలో ఒకటి నీది అనుకుని దానికి ఒక పేరు పెట్టాను. అది ఆలస్యంగా పొగ వదిలితే నువ్వు ఇంకా లేవలేదనుకుంటాను.

లిందోర్ పడవ రేవు వదిలినప్పటి నుంచీ కనిపిస్తుంది. ఇంతకుముందు పడవ కనపడక కంగారుపడేదాన్ని. ఇప్పుడు ప్రతి అలా కనిపిస్తోంది గనక కంగారుపడుతున్నాను. ఇదే నయం.

ఇదిగో, ఇది రాస్తుంటే పడవ సగం దూరం వచ్చింది. అది వచ్చేలోగా ఉత్తరం అతికించాలి, పిల్లలకి పాలు కాచాలి. అనయీస్ అప్పుడే తలుపు కొడుతోంది, ఆ పిల్ల ఎప్పుడూ అరగంట ముందే వస్తుంది.

మెడకి శాలువా కట్టుకో. కట్టుకున్నావో లేదో ఇప్పుడు నాకు కనిపిస్తుంది.

అమ్మమ్మ